రెండు సీసాల ఓట్స్

అయ్యా, బైబిల్ వాక్యం చూపించి ఇంట్లోవాళ్ల నోరు ఎప్పుడైనా మూయించారా? నేను మూయించాను.

ఆ ఉదయం ఫ్రిజ్ తెరిస్తే రెండు గాజు సీసాలు కనబడ్డాయి. ముందురోజే పాలు పోసి నానబెట్టిన ఓట్స్, పైన అరటిపండు ముక్కలు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పొయ్యి వెలిగించడానికి కూడా బద్ధకమేనా?" అని ముందుగదిలో ఉన్న నా భార్యకు వినబడేలా అరిచాను. "ఎడారిలో దేవుడు కురిపించిన ఆహారం, ఆ మన్నాని మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టాయి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"విశ్రాంతి దినం కోసం దాచింది మాత్రం పాడవలేదులెండి. అదీ ఆ పేజీలోనే ఉంది," అంది.

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, నాకే పాఠమా! రెండు సీసాలూ సింకులో బోర్లించాను.

"ముందు వేడిగా ఏదైనా చేసి పెట్టు. పాఠాలు తర్వాత చెబుదువుగాని."

ఆమె వచ్చి పొయ్యి వెలిగించింది. నేను విసవిసా ముందుగదిలోకి నడిచాను.

నేనొక్కడినే ప్రార్థనకు కూర్చునే చోట ఆరోజు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. రెండోదాని మీద తెరిచిన గ్రంథం, దానిమీద ఆమె కళ్లజోడు.

పొద్దున్నే నా పక్కన కూర్చుని ప్రార్థించే తీరిక ఈమెకు లేదని మొన్న చర్చిలో సంఘమంతటి ముందు దెప్పింది నేనే.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

అయ్యా, మీ ఇంట్లో ఆ రెండో కుర్చీ ఖాళీగా ఉందా? ఆదివారం దాకా ఆగకండి. ఇవాళే, ఇప్పుడే లేచి వెళ్లి పొయ్యి ఆర్పండి. ఆమెను పిలవండి.