గోడ అవతలి మనిషి

కోడిపుంజు చేతిలోంచి జారి, ఆమె భుజమెక్కి, అక్కణ్ణుంచి ఇంటి పెంకుల మీదికి ఎగిరింది.

"అయిపోయింది!" అని తల పట్టుకున్నాడు వెంట ఉన్న సహాధ్యాయి.

ఆమె మాత్రం చేతి తొడుగులు బిగించుకుని మళ్ళీ పెరట్లోకి నడిచింది.

ఇద్దరూ పశువైద్య కళాశాలలో ఆఖరి ఏడు చదువుతున్నారు. ఊరి అవతలి కొసన ఒక షెడ్డులో బర్డ్ ఫ్లూ బయటపడింది. అది ఎంతదూరం పాకిందో తేల్చాలంటే ఇల్లిల్లూ తిరిగి, కోళ్ళ గొంతులోంచి దూదిపుల్లతో నమూనాలు తియ్యాలి. సాయంత్రానికి నలభై కావాలి. పదకొండు దాటినా ఐసుపెట్టెలో ఉన్నవి తొమ్మిదే.

"పరిగెత్తితే దొరకదమ్మా. మేతగిన్నె చప్పుడు చెయ్యండి, అదే వస్తుంది."

గోడ అవతల వీధిలో నిలబడి ఉన్నాడొక పెద్దాయన. పొద్దున్నుంచీ వీళ్ళ వెనకే తిరుగుతున్నాడు.

గిన్నె చప్పుడుకి పుంజు నిజంగానే దిగొచ్చింది.

"రెక్కలు రెండూ కలిపి చంకలో ఇరికించుకోండి. నంబరు ముందే రాయండి, తర్వాత తికమక పడతారు."

"మీరే కాస్త వచ్చి పట్టుకోవచ్చుగా బాబాయ్‌గారూ?"

"నేను ముట్టుకోకూడదమ్మా," అంటూ ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"ప్రాణభయం! సలహాలకు మాత్రం లోటు లేదు," గొణిగాడు సహాధ్యాయి. మాస్కు వెనక ఆమెకు నవ్వొచ్చింది.

పక్కింట్లో తలుపు సగం తెరిచిన ఇల్లాలు, వీళ్ళ భుజాల మీదుగా వీధిలోకి చూసింది. మొహం మాడ్చుకుంది.

"ఆ మనిషిని వెంటేసుకొచ్చారా? ఊరిని నిలువునా ముంచాడు! మా ఇంట్లో కోళ్ళూ లేవు, గీళ్ళూ లేవు."

ఇల్లాలి మాట పూర్తికాకముందే లోపల పుంజు కూసింది. తలుపు ధడాలున మూసుకుంది.

తర్వాతి ఇంట్లోనూ అంతే. ఆ పై ఇంటివాళ్ళు గొళ్ళెం కూడా తియ్యలేదు.

ఆమె తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళింది.

"మీరేం చేశారో నాకు తెలీదు. మీరుంటే మాత్రం మా పని సాగట్లేదు. దయచేసి వెళ్ళిపోండి."

ఆయనకు కోపం రాలేదు.

"నిజమే తల్లీ, నాకే తట్టలేదు. ఒక్క ఇల్లు కూడా వదలకండి. కోళ్ళు బాగానే ఉన్నాయంటారు, ఆ మాట నమ్మకండి."

సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. తెల్ల సూటు లోపల చెమట ధారలు కడుతున్నా, అన్నం సంగతే మరిచింది. కసిరినవాళ్ళను బతిమాలింది. మూసిన మూడు తలుపులూ మళ్ళీ తట్టింది. కోళ్ళే లేవన్న ఇల్లాలి పెరట్లో పదకొండు తేలాయి. గూటి మూల ఒక పెట్ట మెడ వాల్చేసి ఉంది. దాని సీసా మీద ఎర్రగీత గీసింది.

పొద్దు వాలకముందే నలభై ఒకటి.

పశువుల ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎర్రగీత సీసాను విడిగా పెట్టించాడు.

"శభాష్! ఇది దొరక్కపోయుంటే ఆ వీధంతా అంటుకునేదేమో."

"ఇంకా ముందే దొరికేది సార్. ఒకాయన వెంటపడి సగం పూట పాడుచేశాడు."

"సన్నగా, బట్టతల?"

"ఆయనే. రేపు రావొద్దని మీరైనా చెప్పండి సార్."

"రేపు రాడమ్మా." డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందాకే నాతో ఒక మాట చెప్పి బస్సెక్కాడు. ఈ ఊళ్ళో పలకరించే దిక్కు లేక కూతురి దగ్గరికి పోతున్నాడు."

"అంత తప్పు ఏం చేశాడు సార్?"



"తన షెడ్డులో ఏడు కోళ్ళు చచ్చిపడ్డ రోజు, బయటికి చెబితే మిగతా రెండు వేలనూ చంపేస్తామని తెలిసి కూడా, మాకు ఫోన్ చేసింది ఆయనేనమ్మా."