బైరప్ప ఏ గదిలో?

"ఈ పొద్దు అందరికీ గేటు తెరిచినారు గదా, నన్నొక్కదాన్నే యాల తోస్తావన్నా?" అంది కెంపమ్మ, చంకలో పాపను ఎగదోసుకుంటూ.

కాలేజీ కాపలాదారు మారప్పకు ఆమె కొత్త కాదు. యుద్ధం జరుగుతున్నప్పటి నుంచీ వచ్చి గేటు ఊచలు పట్టుకుని నిలబడేది. మొగుణ్ణి చూడాలనేది. మిగతా సంగతి చెప్పమంటే చెప్పేది కాదు. చెబితే అసలుకే రానివ్వరని ఆమె భయం. మారప్ప ప్రతిసారీ తరిమేసేవాడు. కానీ ఇవాళ కాలేజీ వాళ్ళు ఊరందరినీ పిలిచారు. బడిపిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఎవరైనా వచ్చి గదులన్నీ చూసిపోవచ్చు. సాయంత్రం గంట కొట్టేదాకానే ఈ భాగ్యం.

"లోపల నీ మొగుడు లేడమ్మా. ఈడ పనిచేసేవాళ్ళంతా నాకు తెలుసు. అమావాస్య పూట ఇదేం పిచ్చి నీకు?"

"ఉండాడన్నా. పెద్దాసుపత్రి నుంచి కాలేజీవాళ్ళే తీసుకుపోయినారంట."

వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. మారప్ప విసుక్కుని పక్కకు జరిగాడు.

బైరప్ప మార్కెట్లో మూటలు మోసేవాడు. కెంపమ్మ కాన్పుకని సర్జాపురంలో పుట్టింటికి పోయింది. బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చేసరికి గదిలో మనిషి లేడు. కాలేజీలో ఉన్నాడన్న కబురొక్కటే మిగిలింది. పాప సొన్నమ్మ ఇంతవరకూ తండ్రిని చూడనే లేదు.

మొదటి గదిలో కరెంటు నిప్పురవ్వలు చిటపటలాడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. "అమ్మా, చూస్తానే!" అని పాప గింజుకుంది. కెంపమ్మ ఆగలేదు. రెండో గదిలో రంగురంగుల నీళ్ళు, ఆ తర్వాత గదిలో అయస్కాంతాలు. ఎక్కడా లేడు. కొంగు కనుబొమల దాకా లాక్కుని, గుమ్మం గుమ్మానికీ తొంగిచూస్తూ పరుగెత్తింది. ఒక చంకలో పాప, రెండో చేతిలో మూట. ఒళ్ళంతా చెమట.

దారి చూపడానికి నిలబెట్టిన కాలేజీ అమ్మాయి సుశీలకు ఆమెను చూస్తే జాలేసింది.

"ఎవరి కోసమక్కా?"

"నా మొగుడు తల్లీ, బైరప్ప. చూసి మూడేండ్లాయె. కుడికాలు వంకర. బండి మీదనుంచి పడితే విరిగింది. నాటుకట్టు కట్టించినాం, సరిగ్గా అతకలేదు."

సుశీల ఆలోచించింది. అటెండర్లలో కుంటివాడు లేడు. తోటమాలి నిక్షేపంగా నడుస్తాడు. మూడేళ్ళుగా పెళ్ళాంబిడ్డల మొహం చూడనివాడు ఎలాంటివాడో ఆమెకు అర్థమైపోయింది. ఒళ్ళు మండింది.

"నువ్వు వెతికేదేమక్కా? ఆయనే రావాల గదా ఇంటికి!"

"ఆయన రాలేడమ్మా. వీళ్ళు వదలరు."

ఇంకా మొగుణ్ణి వెనకేసుకొస్తోంది పిచ్చిది, అనుకుంది సుశీల. మూటలో ఏముందని అడిగింది. రాగిసంగటి, ఎండుచేపల పులుసు, ఒక బీడీకట్ట, కొత్త పంచె. గజం గుడ్డ దొరకడమే గగనమైన ఈ రోజుల్లో ఆ పంచె ఎట్లా సంపాదించిందో దేవుడికెరుక.

"ఈ పొద్దు వదిలితే మళ్ళీ ఎప్పుడో తల్లీ," అంటూ కెంపమ్మ ఆ అమ్మాయి చేతులు పట్టేసుకుంది. "అప్పటిదాకా ఈడనే ఉంచుతారో లేదో. నీ కాళ్ళు మొక్కుతా, ఇంకా ఏమన్నా గదులుండాయా?"

"నాయన నన్ను ఎత్తుకుంటాడా?" అంది పాప. తల్లి పాపను ఇంకా గట్టిగా అదుముకుంది.

మేడ మీద ఒక్క గది మిగిలింది. మెట్లు సగం ఎక్కేసరికే గంట మోగింది. "అయ్యో, మూయొద్దండ్రా!" అని అరుస్తూ కెంపమ్మ పైకి పరుగెత్తింది. గదిలో బడిపిల్లల గుంపు ఒకరినొకరు గిల్లుకుంటూ నవ్వుకుంటోంది. ఒక మాస్టారు బెత్తం పట్టుకుని ఇంగ్లీషులో ఏవో పేర్లు చెబుతున్నాడు. కెంపమ్మ పిల్లలను తోసుకుని ముందుకు వెళ్ళింది. ముందు కాలే చూసింది. చూసి, అక్కడే కూలబడిపోయింది.

"దొరికినావా సామీ! ఎన్నాళ్ళు తిప్పినావు!"

భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే మూట విప్పి విస్తరి పరిచింది. సంగటి పెట్టింది, పులుసు పోసింది, పక్కన బీడీకట్ట పెట్టింది. పంచె మడత విప్పింది.

"మొక్కుకో పాపా. మీ నాయన."

సొన్నమ్మ చేతులు జోడించింది.

వెనకే రొప్పుతూ వచ్చిన సుశీల మాస్టారిని కోపంగా ఎగాదిగా చూసింది. ఈయన కాళ్ళు రెండూ తిన్నగానే ఉన్నాయి. మాస్టారు ఆమెకేసి చూడలేదు. విస్తరి కేసి చూశాడు, బెత్తం దించి మెల్లగా పక్కకు తప్పుకున్నాడు.

ఆయన వెనక గాజుబీరువాలో, కొక్కేనికి తగిలించిన మనిషి ఎముకల గూడులో, కుడి తొడఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది.