బూట్ల శనివారం

మూడో కొట్టు కూడా అయిపోయింది. మాల్కం కాళ్ళూ అయిపోయాయి.

తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ దిగి పడుకున్నాడు. పదింటికల్లా మోయిరా దుప్పటి లాగేసింది.

“వాడికేం కావాలో దగ్గరుండి నువ్వే కొనిపెట్టు. నువ్వే!”

ఆ రెండో ‘నువ్వే’కి ఎదురు చెప్పగల మొగుడు సండర్లండ్‌లో ఇంకా పుట్టలేదు.

వాడంటే రీస్. ఒక్కగానొక్క కొడుకు. పద్దెనిమిది నిండిన తొలి శనివారం, అంటే పోయిన వారం, స్నేహితులతో పెలికన్ క్లబ్బుకి వెళ్ళాడు. ఊళ్ళో కుర్రకారంతా ఎగబడే క్లబ్బు అదే. మిగతా నలుగురూ లోపలికి పోయారు. వీణ్ణి మాత్రం తలుపు దగ్గరే ఆపేశారు, కాళ్ళకి ట్రైనర్స్, అంటే ఆటల బూట్లు, ఉన్నాయని. ముప్పై మంది వరసలో నిలబడి చూస్తుండగా వెనక్కి తిరిగి, వానలో రెండు మైళ్ళు నడిచి ఇంటికొచ్చాడు. అప్పట్నుంచి వాడి గది తలుపుకీ తాళం, నోటికీ తాళం. ఈ రాత్రి కూడా వెనక్కి పంపితే ఇంక ఆ స్నేహితుల మొహం చూడనన్నాడు. ఆ ముక్క కూడా తల్లితోనే అన్నాడు.

అందుకే మాల్కంకి ఈ షాపుల శాపం.

మొదటి కొట్టులో జీన్సులన్నీ కొనకముందే చిరిగి ఉన్నాయి. చిరిగినకొద్దీ ధర పెరిగింది.

“ఇది బాగుంది,” అన్నాడు రీస్. ప్యాంటులోంచి రెండు మోకాళ్ళూ బయటికి తొంగి చూస్తున్నాయి.

“మోకాళ్ళు కనిపిస్తే రానివ్వరు.”

“నా మోకాళ్ళు చూసి ఎవరు చస్తారు?”

“ఎవరూ చావరు. రానివ్వరు, అంతే.”

రెండో కొట్టులో చొక్కా మీద పుర్రె బొమ్మ.

“దీనికీ వంక పెడతాడా ఆ తలుపు దగ్గరి దున్నపోతు?”

మాల్కం ఆవులించాడు. “కాలరుండాలిరా.”

“పుర్రెకి కాలరెక్కడుంటుంది?”

మూడో కొట్టులో అన్నీ ‘స్లిమ్’. గుండీలు పెడితే ఊపిరాగుతుంది, ఊపిరి పీలిస్తే గుండీలాగవు. అక్కణ్ణుంచీ వట్టి చేతులతోనే బయటపడ్డారు.

వీధిలో బల్ల కనిపిస్తే కూలబడి చెరో సాసేజ్ రోల్ తిన్నారు. వారం తర్వాత కొడుకు మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడింది అక్కడే. ఆ నాలుగూ తిట్లే.

“వాడికి మెడా లేదు, మెదడూ లేదు. తలుపుకి గొళ్ళెంలా నిలబడి ఆ పోజొకటి!”

“వాడి ఉద్యోగం వాడిది.”

“అలాంటివాళ్ళకి ఇంట్లో పిల్లలుంటారంటావా?”

“ఉంటారు. వాళ్ళకి బూట్లు కొనడానికే కదా ఆ నిలబడ్డం.”

రీస్ నమలడం ఆపాడు. “మరి ఒక్కసారి చూసీ చూడనట్టు వదిలేస్తే ఏం పోతుంది?”

“ఉద్యోగం పోతుంది. లోపల మేనేజరు కెమెరాలో చూస్తూ కూర్చుంటాడు. ఈ రోజు ఒకణ్ణి ట్రైనర్స్‌తో వదిలితే, రేపు వదిలినవాణ్ణి వదిలించుకుంటారు.”

“నీకెప్పుడూ వాడి మీదే జాలి.”

“జాలి కాదురా, అలసట.”

నాలుగో కొట్టు వంతెన అవతల. అక్కడి అమ్మాయి మెడలో కొలత టేపుతో ఎదురొచ్చింది.

“ఎక్కడికి బాబూ ఈ ముస్తాబు?”

“పెలికన్‌కి.”

“అయ్యో! అక్కడ తలుపు దగ్గరొక రాక్షసుడుంటాడు. బెల్టు లేదని మా తమ్ముణ్ణి వెనక్కి పంపేశాడు. మీరు చెప్పండి బాబాయ్, అదేం న్యాయం?”

బాబాయ్ చటుక్కున టైల వైపు తిరిగి, ఒక ధర చీటీని ప్రార్థన పుస్తకంలా శ్రద్ధగా చదవసాగాడు. రీస్ వారం తర్వాత మొదటిసారి నవ్వాడు. పగలబడి మరీ నవ్వాడు.

ఆ నవ్వుతో బేరం కుదిరింది. కాలరున్న నీలం చొక్కా. చిరగని నల్ల ప్యాంటు. బెల్టు. ఇక మిగిలినవి బూట్లు.

మాల్కం కీళ్ళు కిర్రుమంటుండగా నేల మీద మోకరిల్లాడు. బడి తెరిచే ప్రతి సెప్టెంబరులోనూ చూసినట్టే, బొటనవేలితో బూటు ముందు భాగం నొక్కి చూశాడు. అడుగు కూడా తిప్పి చూశాడు. తెల్ల అడుగుంటే ట్రైనర్స్ కింద లెక్క. ఇది నల్లగానే ఉంది.

“లే నాన్నా, పరువు పోతోంది.”

“ఇంకా ఏం మిగిలిందని?” అన్నాడు మాల్కం, కొడుకు భుజం పట్టుకుని లేస్తూ. వాడు భుజం విదిలించుకోలేదు.

ఇంటికొచ్చేసరికి అయిదు దాటింది. మాల్కం గంటసేపు కునుకు తీశాడు. లేచి చల్లారిన టీ తాగి డ్యూటీకి బయల్దేరాడు.

తొమ్మిదిన్నరకి పెలికన్ ముందు బారెడు వరస. జనవరి వాన. అయినా ఒక్క కుర్రాడి ఒంటి మీదా కోటు లేదు. ఆ ఊళ్ళో శనివారం కోటేసుకున్నవాడు తాతల్లో లెక్క.

రీస్ వంతు వచ్చింది. వెనకున్న నలుగురు స్నేహితులూ మెడలు సాచి చూశారు. తలుపు దగ్గరి మనిషి వాణ్ణి పై నుంచి కిందికి చూశాడు. కాలరు. బెల్టు. మోకాళ్ళు. బూట్లు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. రీస్ వానకి తడిసిన గుర్తింపు కార్డు చాపాడు.

“పుట్టిన తేదీ చెప్పండి సార్,” అని ఆవులింత ఆపుకుంటూ కన్నకొడుకుని అడిగాడు మాల్కం.