తెల్ల కోడలికి నల్ల పిల్ల

"నా కోడలు నిప్పే! దాన్నా అనుమానించేది?" వెంకటరత్నమ్మ మనవరాలు దేవిక మీద ఇంతెత్తున లేచింది.

కోడలంటే పంజరంలోని ఆడ గినీ పిగ్. ఒళ్లంతా తెలుపు, ఎర్రటి కళ్లు. మొగుడూ అచ్చం అంతే. సింధనూరు బస్టాండు వెనక నింగమ్మ పెరట్లో నల్ల గినీ పిగ్‌ల మంద ఉంది. అందులో పుట్టిన ఒకే ఒక్క తెల్లదాన్ని దేవికే ఏరికోరి కోడలిగా తెచ్చింది. తను హాస్టల్లో ఉంటుంది కాబట్టి పెంపకమంతా నానమ్మదే.

తొలి ఈతలో అన్నీ తెల్లపిల్లలే. ఫోటోలు చూసి దేవిక గాల్లో తేలింది. 'ఎర్రకళ్ల తెల్ల జంటకు తెల్లపిల్లలే' అని చార్టు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రేపే రాయచూరులో కాలేజీ సైన్సు ప్రదర్శన. వీటిని తీసుకెళ్దామని ఇంటికొచ్చింది.

ఇవాళ రెండో ఈత. రెండు తెలుపు, ఒకటి బొగ్గు నలుపు!

"ఆ నిఖిలేశ్ నన్ను క్లాసులో బతకనివ్వడు నానమ్మా! ఇవి కాన్పయిన పూటే మళ్లీ కడుపుతో ఉంటాయి. తొలి కాన్పప్పుడు పరాయి మగది గానీ దగ్గరికొచ్చిందా?"

"ఛీ ఛీ, అవేం మాటలే? బాలింత దగ్గరికి పరాయివాళ్లను రానిస్తామా? అసలు నా కోడలు పరాయి గడప తొక్కి ఎరుగుదా? సీమంతం దగ్గర్నుంచి దానికి ఏ ముచ్చటా తక్కువ చెయ్యలేదు."

దేవికకు ఏడుపొక్కటే తక్కువ. పుస్తకం అబద్ధమా, తన బుర్రే మట్టిబుర్రా? నల్లదాన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్దామనుకుంది. అది బుడిబుడి నడకలతో వచ్చి వేలు వాసన చూసింది. ఇక మనసొప్పలేదు.

అంతలో కొత్తిమీర కట్ట పట్టుకుని నింగమ్మ వచ్చింది. నల్లపిల్లను చూసి మురిసిపోయింది.

"అగో, అచ్చం మా ఇంటి పోలికే!" అంది. వెంటనే వెంకటరత్నమ్మ వైపు తిరిగి మూతి ముడిచింది.

"ఏందమ్మా రత్నమ్మా, తొలి కాన్పుకు మా ఇంటికే పంపిస్తివి, ఈసారి పిల్లకు పుట్టిల్లు ఉన్నదని యాదికి రాలేదా?"