తెర వెలిగితే

"అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్గు పీకిన మహానుభావుడెవరు మాషిమా?" సుకోమల్ విసుగ్గా అడిగాడు.

"నేనే," అంది బిభావతి.

చాందినీ మార్కెట్ సందులో, అతని కంప్యూటర్ రిపేరు కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చుందామె. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్ళందరూ మాషిమాలే, అంటే పిన్నిగార్లే. కంప్యూటరు పెట్టెను పాత దుప్పట్లో చుట్టి టాక్సీలో తెచ్చింది. తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కాసేపటికి మార్పులు కుదరలేదనీ, పాత స్థితికి పోతున్నాననీ రాసి తెర నల్లబడింది. మళ్ళీ అవే చుక్కలు.

"ఆపవద్దు అని ఇంతింత అక్షరాలతో రాస్తుంది కదా! మిక్సీ అనుకున్నారా?"

పక్క కొట్టతను, నంటూ, పకపకా నవ్వాడు. "ఊరుకోరా, మా ఆవిడైతే ఏకంగా ఇంటి మెయిన్ స్విచ్చే ఆపేస్తుంది. మాషిమా నయం."

"మా ఆయన పడిపోయారు బాబూ," అంది బిభావతి. "దీన్ని అప్‌డేట్‌లో పెట్టి, పేపరొచ్చిందేమో చూస్తానని లేచారు. గుమ్మం దాకా వెళ్ళలేదు. అంబులెన్సు వాళ్ళు గొంతులో నురగ తీసే మిషన్ పెట్టాలి, ప్లగ్గెక్కడ, ప్లగ్గెక్కడ అని అరిచారు. ఎదురుగా ఉన్నది పీకేశాను."

నంటూ నవ్వు సగంలో ఆగింది.

"ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాడు సుకోమల్.

"నర్సింగ్ హోమ్‌లో. నాలుగు రోజులుగా మిషనే ఊపిరి ఆడిస్తోంది. మెదడులో ఏమీ మిగల్లేదంటుంది డాక్టరమ్మ. ఉంచమంటారా, తీసెయ్యమంటారా, సాయంత్రానికి చెప్పమంది." ఆమె చెంగు కొసను వేలికి చుట్టి విప్పింది. "పొద్దున కాళీమాత పటం ముందు అనుకున్నాను. ఇదీ ఆయనా ఒకేసారి ఆగిపోయారు. ఇది లేస్తే ఆయనా లేస్తారు. ఆ మిషను తియ్యనివ్వను. ఇది లేవకపోతే..."

"మనిషీ మిషనూ ఒకటేనా మాషిమా?"

"కాదని నాకు తెలీదూ? ఇంకెవర్ని అడగను చెప్పు? మాకు పిల్లా జెల్లా లేరు. నువ్వు చూడు."

"ఇందులో ఏముంది ఆయనది?"

"గళ్ళ నుడికట్టు. పత్రికకు ఆయనే కూర్చేవారు. 'బిభా, నదికి ఇంకో పేరు చెప్పు, మూడక్షరాలు' అని పొద్దున్నే కేకేసేవారు. నేను చెప్పినది ఒక్కటీ ఆయన గళ్ళలో పట్టేది కాదు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

సుకోమల్ పెట్టె మూత విప్పాడు. మెమరీ పలకలు ఊడదీసి, పాఠాలు దిద్దుకునే పిల్లాడిలా రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించాడు. కరెంటు పెట్టె మార్చాడు. అవే చుక్కలు, అదే చీకటి. చివరికి హార్డ్ డిస్కును చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల్నుంచి ఎవరో గోటితో తలుపు గీకుతున్న చప్పుడు. ఆ చప్పుడు విన్నాక ఈ మార్కెట్లో ఎవరూ ఇక ప్రయత్నం చేయరు.

తలెత్తి చూశాడు. ఆమె తెర వైపు చూడటం లేదు. అతని ముఖంలోకి చూస్తోంది, ఆపరేషను గది తలుపు తెరుచుకున్నప్పుడు బయటివాళ్ళు చూసినట్టు. అతనికి భయం వేసింది. ముఖమైనా తెలియని ఒక మనిషి ప్రాణం వచ్చి తన నాలుక కొసన కూర్చుంది. ఇది ఇక లేవదని ఒక్క మాట అనేస్తే పనైపోతుంది. ఆ మాట అన్నాక ఈ రాత్రి అన్నం ముద్ద ఎలా దిగుతుంది? నిజం చెప్పడం పిరికితనంలా, అబద్ధమే ధైర్యంలా తోచింది ఆ క్షణాన.

గోడ మేకుకు ఒక డిస్కు ఎప్పుడూ వేలాడుతుంటుంది. జబ్బు డిస్కుదా, మిగతా ఒంటిదా తేల్చడానికి వచ్చిన ప్రతి కంప్యూటరుకూ దాన్ని తగిలించి చూస్తారు. అది ఎవరిదీ కాదు, ఎవరి రాతలూ అందులో ఉండవు.

"మాషిమా, కాస్త అటు తిరగండి. దుమ్ము ఊదాలి."

ఆమె బుద్ధిగా తిరిగింది. సుకోమల్ మేకు మీది డిస్కు తీసి తగిలించాడు.

"ఒరేయ్, అది మన..." అనబోయిన నంటూ కాలిని సుకోమల్ తొక్కాడు.

"లేచింది మాషిమా! చూడండి!"

తెర నిండా పచ్చటి కొండ, నీలాకాశం. బిభావతి స్టూలు మీంచి లేచి, తూలి, బల్ల పట్టుకుంది. రెండు చేతులూ పెట్టె మీద ఆనించి, జ్వరం చూసినట్టు చాలాసేపు అలాగే ఉంచింది. "వెచ్చగా ఉంది," అంది. తర్వాత ఇంట్లో భర్తను పిలిచినట్టే మెల్లగా, "ఓగో," అని పిలిచింది.

ఫ్యాను గుర్రుమంటోంది.

ఆమె కళ్ళు తెరంతా వెతికాయి. "ఆయన గళ్ళేవి బాబూ?"

"నెమ్మదిగా వస్తాయి మాషిమా. ఇప్పుడే కదా లేచింది! లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇంకేం కావాలి?"

"మరే. ఇంకేం కావాలి," అందామె. సంచిలోంచి ఫోను తీసింది.

సుకోమల్ గుండెల మీంచి బండ దిగినట్టయింది. నంటూ వైపు చూసి కన్ను గీటాడు. ఈ ఒక్క అబద్ధాన్ని ఏ దేవుడైనా క్షమిస్తాడనుకున్నాడు.

"డాక్టరమ్మా, బిభావతిని," అందామె, వెలుగుతున్న తెర మీంచి చూపు తిప్పకుండా. "మీరు చెబుతుంటే ఇన్నాళ్ళూ అర్థం కాలేదు, ఇప్పుడు కళ్ళారా చూశాను. లోపల ఆయన లేరు. తీసెయ్యండి."