కూజా మీది నలుపు

"అయ్యయ్యో! ఎంత పని చేశావే అమ్మాయ్!"

అత్తగారి కేకకి కోడలి చేతిలోని గుడ్డ జారి కింద పడింది. ఎదురుగా బల్ల మీద వెండి కూజా ధగధగా మెరిసిపోతోంది. పొద్దుటిదాకా అది నల్లగా, మసిబారి, మూల అరలో ఉండేది.

"మురికి పట్టిందనుకున్నానత్తయ్యా. పళ్లపొడి వేసి తోమాను. మామయ్యగారు చూసి సంతోషిస్తారని..."

"సంతోషమా! అది మురికి కాదే తల్లీ, రెండొందల ఏళ్ల నలుపు. పోయినసారి మ్యూజియం ఆయన వచ్చి, 'ఈ నలుపే దీని వయసుకి సాక్ష్యం' అని చేతులు జోడించి మరీ చెప్పాడు. రేపు సాయంత్రం ఇంకో నలుగురిని వెంటేసుకుని వస్తున్నాడు. వాళ్లకేం చూపిస్తాం? నీ పళ్లపొడి డబ్బానా?"

కాపురానికొచ్చి మూడు నెలలు కూడా కాలేదు. ఈ గదిలోకి మామగారు కొడుకునే రానివ్వరు. ఇవాళ ఏదో తొందరలో తాళంచెవి తలుపుకే వదిలేసి వెళ్లారు. ఆయన మెప్పు పొందుదామని ఉబలాటపడి లోపలికి వచ్చిందే ఆమె చేసిన తప్పు.

రిటైరయ్యాక మామగారికి పట్టుకున్న పాత వస్తువుల పిచ్చి ఇది. గోడల నిండా అరలు. సన్నటి పగుళ్లలో గోధుమరంగు మరకలు దిగిన పింగాణీ పళ్లాలు, పువ్వుల టీకప్పులు, నల్లబడ్డ వెండి గిన్నెలు, కొవ్వొత్తి స్తంభాలు. ఒక్కోదానికీ ఒక్కో సముద్రం పేరూ ఒక్కో రాణి పేరూ చెబుతారాయన. ఎవరెంత బతిమాలినా ఒక్కటీ అమ్మరు. పరీక్ష చేయించి ఇస్తామన్నా గడప దాటనివ్వరు.

"నీకు వెండితో పడదే!" అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. "పొద్దున గుడ్డు తిన్న వెండి చెంచా కడక్కుండా పడేశావు, అది బొగ్గులా అయింది. నల్లగా ఉండాల్సిందాన్నేమో ఇలా తోమి పెట్టావు!"

"నేనే చెప్పి తిట్లు తింటానత్తయ్యా."

"తిడితే మంచిదే. ఆయన తిట్టరు, తింటారు. అదీ నా భయం."

"ఏం తింటారు?"

"ఉడకబెట్టిన గుడ్లు! గుండె బాగాలేదు, పచ్చసొన మొహం కూడా చూడొద్దని డాక్టరు మొత్తుకున్నాడు. వింటేగా! వారం తిరిగేసరికి గుడ్లూ, పాలు లేని టీ ఓ కెటిల్ నిండా పట్టుకుని ఈ గదిలో దూరతారు. అదేమంటే, 'నా వస్తువులు చూసుకుంటూ తింటే ఆ రుచే వేరు' అంటారు. మామూలు రోజుల్లోనే అలా ఉంటే, ఇక ఇవాళ..."

అత్తగారి మాట పూర్తికాకముందే వీధి తలుపు చప్పుడైంది.

మామగారు గది గుమ్మంలోనే ఆగిపోయారు. కూజాని చూశారు, కోడలిని చూశారు, మళ్లీ కూజాని చూశారు. కోడలు ఏడుపు దిగమింగుకుంటూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"పోనీలే అమ్మా," అన్నారాయన మెల్లగా. "ఎంత బాగా తోమావు! నిన్ననే కొట్లో కొన్నట్టుంది." ఎందుకో గట్టిగా దగ్గి, భార్యవైపు తిరిగారు. "రేపు వీలుపడదు, వచ్చే వారం రమ్మని మ్యూజియం ఆయనకి కబురుచెయ్యి. అలాగే ఆరు గుడ్లు ఉడకబెట్టు."

"ఆరా!"

"టీ కూడా. బాగా చిక్కగా."

"మీకేమైనా మతి పోయిందా?"

"ఇవాళ మాత్రం నాకు అడ్డు రావద్దు," అన్నారు మామగారు. ఆ గొంతు విని అత్తగారు వంటింట్లోకి నడిచారు. గుడ్లు లోపలికి వెళ్లాయి. టీ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

కోడలు ఆ తలుపు బయటే తచ్చాడింది. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది. దిగులంతా కడుపులో పెట్టుకుని, దాని మీద ఆరు గుడ్లు కూడా పెట్టుకుంటే ఆ గుండె ఏం తట్టుకుంటుంది? ఏదైనా జరగరానిది జరిగితే ఆ పాపం తనదే. వంటింట్లో అత్తగారు ఫోనులో డాక్టరు నంబరు వెతుకుతున్నారు.

చాలాసేపు లోపలినుంచి చప్పుడు లేదు.

"మామయ్యగారూ! నన్నెన్ని మాటలైనా అనండి. ఆ గుడ్లు మాత్రం తినకండి!"

కోడలు ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

బల్ల మీద పళ్లెం ఖాళీ. కెటిల్ ఖాళీ. మామగారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఉన్నారు.

"ఆరూ తినేశారా!" కోడలు కెవ్వుమంది.

ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. నోటిమీద వేలు పెట్టుకున్నారు. "ష్! మీ అత్తయ్యకి వినపడుతుంది. కునుకు పట్టిందమ్మా, అంతే."

"మీ గుండె మామయ్యగారూ!"

"నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది. నీమీద ఒట్టు, డాక్టరు చెప్పింది మొదలు ఒక్క గుడ్డు కూడా నేను ముట్టలేదు. ఈ పాలు లేని టీ అయితే నాకసలు పడదు."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"మరి అవన్నీ ఏమయ్యాయి?"

మామగారు తలుపు వైపు ఓసారి చూసి, సిగ్గుపడుతూ కుర్చీ పక్కనున్న రేకు డబ్బా మూత తీశారు. బల్ల కింద ఉన్న తొట్టెను కాలితో ముందుకు లాగారు. డబ్బాలో చిదిమిన గుడ్ల మధ్య కూజా, అప్పుడే నల్లబడుతూ ఉంది. తొట్టెలో టీలో నానుతూ రెండు తెల్లటి కొత్త పళ్లాలున్నాయి.

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో గుడ్లు తింటున్నది వెండి, టీ తాగుతున్నది పింగాణీ.