ఫ్యాను కింది జాగా

“అటు పోకు తమ్మీ, కంపు కొడతది. ఈడ కూసో,” అంటూ ఎల్లేశం తన దుప్పటి మడిచి పక్కన చోటు చూపించాడు.

రుత్విక్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పొద్దున రిమాండుకు వచ్చినప్పటి నుంచి అతన్ని మనిషిలా పలకరించింది ఈయనొక్కడే. గోదావరిఖనిలో తాగిన మైకంలో ఎవడి తలో పగలగొట్టి వచ్చాడు. గురువారం బెయిలు వాదన. ఇంటి దగ్గర భార్య సంతోషికి నెలలు నిండాయి. బిడ్డ పుట్టేలోపు బయటపడాలన్నదే అతని యావ. ఆ సంగతి వచ్చిన గంటలోనే బ్యారక్ అంతా వినేలా చెప్పుకొని ఏడ్చాడు కూడా.

“మాదంత బొగ్గుబాయి బ్యాచే,” అన్నాడు ఎల్లేశం. ఒకప్పుడు గనిలో బొగ్గు కొట్టినవాడు, ఇప్పుడు ఈ బ్యారక్‌కు పెద్ద. “నేను బెల్లంపల్లి, గట్టయ్యది గోలేటి. మాతోని కలిస్తే ఫ్యాను కింద జాగ, కూరల పెద్ద ముక్క. ఎవ్వడు నీ జోలికి రాడు.”

“కలుస్తనన్నా. ఏం చెయ్యాలె?”

ఎల్లేశం గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ మరుగుదొడ్డి గోడ పక్కన ఓ పెద్ద వయసు మనిషి అందరి పళ్లేలూ తోముతున్నాడు.

“సదానందం. మనోడే, కని ఇన్‌ఫార్మర్. మా బీడీల సంగతి జైలరుకు చెప్పిండు. రేపు నీ మీద గూడ ఏదో ఒకటి ఎక్కిస్తడు, బెయిలు చెడగొడ్తడు. వాన్ని కొట్టు. రక్తం రావాలె. ఈడున్నోళ్లమంత గట్ల కొట్టినంకనే బ్యాచ్‌ల కలిసినం.”

“ముసలోడన్నా...”

“నీ ఇష్టం. గట్లయితే పోయి వాని పక్కనే పండు.”

ఆ మూల కంపు ముక్కుకు తగలగానే రుత్విక్ జాలి మెల్లగా జారుకుంది. జైల్లో జాలికి అంతకంటే ఆయుష్షు ఉండదు. లేచి వెళ్లాడు గానీ చెయ్యి లేవలేదు.

సదానందం తలెత్తి చూశాడు. “ఏంది, కొట్టనీకొచ్చినవా? నీతోని ఏమైతది రా? నీ పెండ్లాం కడుపుల ఉన్నది నీదేనా, అడిగినవా?”

రుత్విక్‌కు ఒళ్లు మండిపోయింది. పళ్లెం లాక్కుని మొహం మీద బాదాడు. ముక్కు పగిలి రక్తం కారింది. సదానందం చెయ్యి అడ్డం పెట్టలేదు. రుత్విక్ ఇంకో రెండు తగిలించాడు. నిజం చెప్పాలంటే అవి ఎవరూ అడగనివి.

వార్డరు పరుగెత్తుకొచ్చాడు. “ఏందిరా లొల్లి?”

“కాలు జారి పడ్డడు సార్,” అన్నాడు ఎల్లేశం.

“అవు సార్, నేనే పడ్డ,” అన్నాడు సదానందం ముక్కు పట్టుకుని.

వార్డరు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. రుత్విక్‌కు ఎల్లేశం కాళ్లు మొక్కాలనిపించింది.

“బతికిచ్చినవన్నా!”

“నువ్వు కొట్టంగ అందరం చూసినం తమ్మీ. ఇగ ఎప్పుడన్న నువ్వు జైలరు కాడికి పోయి మా మీద నోరిప్పినవనుకో, మేం గూడ ఉన్నదున్నట్టు చెప్తం. కొత్త కేసయితది. బెయిలు గియిలు ఉండదు.”

“నేనెందుకు చెప్తనన్నా? మీ మనిషిని,” అంటూ రుత్విక్ తన దుప్పటి తెచ్చి ఫ్యాను కింద పరిచాడు.

ఎల్లేశం ఆ దుప్పటిని కాలితో పక్కకు నెట్టాడు. ఆ చోట్లోకి సదానందం వచ్చి హాయిగా కూర్చున్నాడు. గట్టయ్య తన తువ్వాలతో అతని ముక్కు తుడిచాడు. ఇంకెవరో బీడీ ముట్టించి ఇచ్చారు.

“ఏమనుకోకు బిడ్డా, నీ పెండ్లాం మాట కావాలనే అన్న,” అంటూ సదానందం కక్కసు చీపురు అతని చేతిలో పెట్టాడు.

“ఈడ గూడ బొగ్గుబాయి లెక్కనే. తర్వాతి షిఫ్టుకు రిలీవర్ రానిది నన్ను డ్యూటీ దిగనియ్యరు.”